పాత పాటల పుస్తకాలు, అగ్గిపెట్టె లేబుళ్ల అచ్చు తీరు డిజిటల్ కార్టూన్లలోకి ఎలా తేవాలి?

గీతలగోల అడిగినది:

అందరికీ నమస్కారం. సరదాకి కార్టూన్లు వేస్తుంటాను, ఎక్కువగా క్రిటా అనే బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో. ఒక పాత పుస్తకాల కొట్లో సినిమా పాటల పుస్తకాల కట్ట, అగ్గిపెట్టె లేబుళ్లు అతికించిన నోటుబుక్కు దొరికాయి. పాటల పుస్తకాలంటే అవేనండీ, కథ సగం దాకా చెప్పి "శేషం వెండితెరపై చూడండి" అని తప్పించుకునేవి. అట్ట మీద రెండు మూడు రంగులు, హీరో హీరోయిన్ల మొహాలు, చేత్తో రాసిన టైటిలు, లోపల న్యూస్‌ప్రింటు.

ఆ తీరులో ఒక కార్టూన్ల వరస వేయాలని ఉంది. మూడు చోట్ల ఆగిపోయాను.

300 డిపిఐలో (అంగుళానికి 300 పిక్సెళ్లు) స్కాన్ చేస్తే మొహాల మీద గళ్లగళ్లుగా అలలు వస్తున్నాయి. బ్లర్ చేస్తే అలలు పోతున్నాయి కానీ గీతలు కూడా కరిగిపోతున్నాయి.

నా బొమ్మకి చివర్లో హాఫ్‌టోన్ ఫిల్టరు (ఛాయలని చిన్నా పెద్దా చుక్కలుగా మార్చేది) వేస్తే అది అమెరికన్ కామిక్ లాగా ఉంటోంది తప్ప మన పాటల పుస్తకంలా లేదు. చుక్కల సైజు మార్చి చూశాను, లాభం లేదు.

తెలుగు అక్షరాలు ఫొటోషాప్‌లో పెడితే ఒత్తులు విడిపోతున్నాయి. విడిపోని ఫాంట్లేమో మరీ శుభ్రంగా, కంప్యూటరు అక్షరాల్లా కనిపిస్తున్నాయి.

ఇంకోటి, ఈ స్కాన్లు నలుగురికీ చూపించుకోవచ్చా? ఏవి ఎప్పటివో కూడా వాటి మీద లేదు.

---

అచ్చుపెట్టె:

స్కానింగుకి ముందు ఒక పని చేయండి. ఏ కాగితం ఏ పద్ధతిలో అచ్చయిందో తేల్చుకోండి. మీ రెండో ప్రశ్నకి జవాబు అక్కడే ఉంది.

నగల కొట్లో వాడే పదింతల లూప్ (చిన్న భూతద్దం) ఒకటి దగ్గర పెట్టుకోండి. లేదంటే అంగుళం ముక్కని 1200 డిపిఐలో స్కాన్ చేసి తెర మీద పెద్దది చేసి చూడండి.

అక్షరం అంచు చుట్టూ సన్నగా ముదురు గీత ఉండి మధ్యలో సిరా కాస్త లేతగా ఉందా? కాగితం వెనక వేలితో తడిమితే గరుకుగా తగులుతోందా? అది లెటర్‌ప్రెస్, అంటే ఎత్తుగా ఉన్న అక్షరాలకి సిరా పూసి కాగితం మీద నొక్కే అచ్చు. పాటల పుస్తకం లోపలి పేజీలు చాలావరకు ఇవే. అందులో గీతల బొమ్మ ఉంటే అది జింకు మీద తీసిన లైన్ బ్లాకు, ఫొటో ఉంటే హాఫ్‌టోన్ బ్లాకు. సిరా అంతటా ఒకే మందంలో ఉండి వెనక నున్నగా ఉంటే ఆఫ్‌సెట్, ప్లేటు మీది సిరా రబ్బరు షీటు మీదుగా కాగితానికి చేరే అచ్చు. రంగు మీద సుద్ద రుద్దినట్టు పొడిపొడిగా, వరసలు లేని గింజ కనిపిస్తే లిథో. రాయి మీదో జింకు ప్లేటు మీదో ఆర్టిస్టు జిడ్డు సుద్దతో ఒక్కో రంగుకి ఒక్కో బొమ్మ వేసిన పని అది. పాత గోడ పోస్టర్లలో ఇది బాగా కనిపిస్తుంది. అక్షరాల అంచులు కూడా రంపపు పళ్లలా ఉంటే గ్రావ్యూర్, సన్న గుంటల్లో నింపిన సిరాతో వేసే అచ్చు.

ఇక నల్ల అక్షరాలతో సహా మొత్తం నాలుగు రంగుల చుక్కల పువ్వుల్లా ఉందనుకోండి, అది పాతది కాదు. ఎవరో స్కాన్ చేసి మళ్లీ ఆఫ్‌సెట్‌లో వేసిన కాపీ. అసలు దానిలో నల్ల అక్షరం ఎప్పుడూ నిండుగా ఒకే సిరాతో ఉంటుంది. "వింటేజ్" పేరుతో అమ్మే లేబుళ్లలో ఇలాంటివి బోలెడు.

ఇప్పుడు మీ అట్టని దగ్గరగా చూడండి. వెనక పసుపు నేలలో చుక్క ఒక్కటి ఉండదు, నిండు పసుపు. టైటిల్ ఎరుపులో చుక్క ఉండదు, నిండు ఎరుపు. చుక్కలు ఉండేది హీరో మొహంలో మాత్రమే, అది కూడా నలుపులోనో నీలంలోనో, ఒక్క సిరాలో. అమెరికన్ కామిక్‌లో దీనికి సరిగ్గా తలకిందులు. అక్కడ చర్మం రంగు, ఆకాశం లాంటి చదును రంగులకి ఒకే సైజు చుక్కల టింటు వేసేవారు, నల్ల గీత నిండుగా ఉండేది. మీరు మొత్తం బొమ్మకి ఫిల్టరు వేసినప్పుడు చదును రంగుల్లో చుక్కలొచ్చాయి, అందుకే కామిక్ అయి కూర్చుంది. చుక్క సైజు ఎంత మార్చినా అది పోదు.

అగ్గిపెట్టె లేబుళ్లది ఇంకో దారి. పాతవాటిలో హాఫ్‌టోన్ అరుదు. మూడు నాలుగు విడి సిరాలు, నిండుగా. ఆకుపచ్చ కనిపిస్తే అది ఆకుపచ్చ సిరా అయినా కావచ్చు, పసుపు మీద నీలం పడి వచ్చిందైనా కావచ్చు. అంచు దగ్గర చూస్తే తెలిసిపోతుంది. రెండోదైతే ఒక పక్క సన్నటి పసుపు గీత బయటికి తొంగి చూస్తుంది.

ఎప్పటివో తేల్చడానికి కాగితం మీదే ఆనవాళ్లుంటాయి. వెల అణాల్లో ఉంటే 1957 ఏప్రిల్‌కి ముందుది. "నయా పైసలు" అని ఉంటే 1957 నుంచి 1964 మధ్యది. 1964 జూన్ నుంచి "నయా" పోయి ఉత్త పైసలే మిగిలాయి. చిరునామాలో ఆరంకెల పిన్‌కోడ్ ఉంటే 1972 ఆగస్టు తర్వాతది. పిన్ లేకుండా "మద్రాసు-17" లాగా ఉందంటే దానికి ముందుదయ్యే అవకాశం ఎక్కువ. పాత బ్లాకులు, పాత స్టాకు కొన్నాళ్లు వాడేవారు కాబట్టి ఒకటి రెండేళ్లు అటూ ఇటూ వేసుకోండి.

---

చుక్కలవేట:

స్కానింగు సంగతి నేను చెప్తాను.

300లో అలలు రావడానికి కారణం లెక్కే. మీ హాఫ్‌టోన్ అంగుళానికి 100 వరసలుంటే, 300 డిపిఐలో ఒక్కో చుక్కకి దక్కేవి మూడే పిక్సెళ్లు. చుక్కల వరస, పిక్సెళ్ల వరస ఒకదానితో ఒకటి పొసగక ఆ గళ్లు పుడతాయి. 600లో చేయండి. అప్పుడు చుక్కకి ఆరు పిక్సెళ్లు. 65 వరసల ముతక బ్లాకైతే తొమ్మిది దాకా వస్తాయి, ఇంకా సుఖం.

స్కానర్ సెట్టింగుల్లో ఆటో ఎక్స్‌పోజర్, ఆటో కలర్, షార్పెన్ అన్నీ ఆపేయండి. డీస్క్రీన్ (చుక్కలు చెరిపే సెట్టింగు) కూడా ఆపండి. అది ఎంత మెత్తబరచాలో తనే తేల్చుకుంటుంది, గీతలు దానికే బలి. న్యూస్‌ప్రింటు పేజీ వెనక నల్ల కాగితం పెట్టండి. తెల్ల మూత ఉంటే వెనక పేజీ అక్షరాలు ముందుకి కనబడతాయి. నల్ల కాగితంతో పేజీ కొద్దిగా మసకబారుతుంది, దాన్ని లెవెల్స్‌తో సరిచేసుకోవచ్చు. వెనకవైపు అక్షరాలు పడ్డాయంటే తీయడం మాత్రం నరకం.

పిన్ను కొట్టిన పుస్తకాన్ని అద్దానికేసి నొక్కకండి. తుప్పు పట్టిన పిన్ను దగ్గర కాగితం పెళుసుగా ఉంటుంది, చిరుగుతుంది. సన్నగా ఉండే చవక ఫ్లాట్‌బెడ్లలో సిఐఎస్ సెన్సర్ ఉంటుంది. అద్దం నుంచి రెండు మూడు మిల్లీమీటర్లు లేచినా మసక. సిసిడి సెన్సర్ ఉన్నదైతే మడత దగ్గర కూడా బాగానే వస్తుంది. అది దొరక్కపోతే పిన్నులు జాగ్రత్తగా విప్పి విడి కాగితాలుగా చేయడమే మేలు.

టిఫ్ లేదా పిఎన్‌జిలో దాచండి. ఏ5 పేజీ 600లో దాదాపు 3496 × 4961 పిక్సెళ్లు, కుదించని 24 బిట్ ఫైలు 52 ఎంబి. ఎక్కువనిపించి జేపెగ్ చేశారో, చుక్కల చుట్టూ దుమ్ము చేరి తర్వాతి మెట్లన్నీ పాడవుతాయి.

ఇప్పుడు చుక్కలు తీయడం. గింప్ అనే ఫొటోలు దిద్దే సాఫ్ట్‌వేర్‌లో 400 శాతానికి పెంచి, మెజర్ టూల్‌తో పది చుక్కల దూరం కొలవండి. ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. చుక్కలు ఏటవాలు వరసల్లో ఉంటాయి, ఆ వరస వెంటే కొలవాలి. 45 డిగ్రీల స్క్రీన్‌ని (చుక్కల వరసల జాలీని) అడ్డంగా కొలిస్తే 1.4 రెట్లు ఎక్కువ చూపిస్తుంది. పది చుక్కలకి 60 పిక్సెళ్లు వచ్చాయనుకోండి, ఒక్కోటి 6. గాసియన్ బ్లర్ సైజు అందులో 0.4 నుంచి 0.5 వంతు పెట్టండి, అంటే 2.4 నుంచి 3. అంతకంటే తక్కువైతే చుక్కల నీడ మిగులుతుంది, ఎక్కువైతే మొహమే మిగలదు. రెండు మూడు రంగుల్లో స్క్రీన్లు ఉంటే అన్నిటికంటే పెద్ద కొలత తీసుకోండి.

గీతలు కరిగిపోకుండా ఉండాలంటే వాటిని బ్లర్‌కి ముందే విడిగా తీసి పక్కన పెట్టాలి. బ్లర్ చేయని 600 కాపీ మీద ఎరుపు చానెల్ ఒక్కటే తీయండి. గింప్‌లో కలర్స్, కాంపొనెంట్స్, ఎక్స్‌ట్రాక్ట్ కాంపొనెంట్. ఎరుపు, పసుపు, నారింజ సిరాలు ఎరుపు చానెల్‌లో దాదాపు తెల్లగా మాయమైపోతాయి, కాగితం పసుపెక్కిన మరకలు కూడా. మిగిలేది నలుపు, నీలం. అట్టలో నీలం నేల ఉంటే ఎరుపు బదులు నీలం చానెల్ తీయండి, అక్కడ నీలం తేలిపోయి నలుపు మిగులుతుంది, కాకపోతే పసుపు, ఎరుపు కూడా నల్లగా వస్తాయి, వాటిని చేత్తో తుడవాలి. తర్వాత థ్రెషోల్డ్ (బొమ్మని ఉత్త నలుపు, తెలుపుగా విడగొట్టేది) 100 దగ్గర మొదలుపెట్టి అటూ ఇటూ జరపండి. సన్న గీతలు తెగుతుంటే పెంచండి, సున్నాల లోపలి ఖాళీ పూడుతుంటే తగ్గించండి. మొహంలోని నల్ల చుక్కలు కూడా ఈ పొరలోకి వచ్చేస్తాయి కాబట్టి మొహం మేర మాస్కుతో కప్పేయండి.

ఈ గీతల పొరని బ్లర్ చేసిన రంగుల పైన మల్టిప్లైలో (కింది రంగు మీద సిరాలా పడే మోడ్) పెట్టి, రెండూ కలిపాకే 50 శాతానికి తగ్గించండి. విడివిడిగా తగ్గిస్తే ఒక పిక్సెల్ జరిగే ప్రమాదం ఉంది. చివర్లో అన్‌షార్ప్ మాస్క్ (అంచులు పదును చేసే ఫిల్టరు), రేడియస్ 1.5, అమౌంట్ 0.5. అంతకుమించి వద్దు.

తెర మీద 33 శాతంలో చూస్తే ఫైల్లో లేని అలలు కూడా కనిపిస్తాయి. అవి జూమ్ వల్ల పుట్టినవి. 100లోనో 50లోనో చూశాకే పాడైందో లేదో తేల్చండి.

---

నాలుగుప్లేట్లు:

అచ్చుపెట్టె గారు చెప్పినదాన్ని క్రిటాలో ఎలా చేయాలో రాస్తున్నా. ఒక్క సూత్రం: ఫిల్టరు చివర్లో మొత్తానికి వేసేది కాదు, మొదటి నుంచీ ప్రెస్సు వాడిలా ఒక్కో సిరాకి ఒక్కో ప్లేటుగా బొమ్మ వేయాలి.

పాటల పుస్తకం అట్టనే తీసుకుందాం. పసుపు, ఎరుపు, నలుపు. ఆర్‌జిబి డాక్యుమెంటు (ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్లని మూడు అంకెల్లో చెప్పేది), ఏ5, 600 డిపిఐ. అడుగున కాగితం పొర, 238, 226, 198 దగ్గర రంగు. తెల్ల కాగితం పెడితే సగం అందం అక్కడే పోతుంది. దాని మీద మూడు గ్రూపులు, మూడూ మల్టిప్లై: పసుపు 245, 205, 60, ఎరుపు 200, 50, 45, నలుపు 42, 37, 38. నలుపుకి సున్నా సున్నా సున్నా వాడొద్దు. న్యూస్‌ప్రింటు సిరాని పీల్చేస్తుంది, దాని మీద అంత చిక్కటి నలుపు పడదు.

పసుపు, ఎరుపు గ్రూపుల్లో గట్టి అంచున్న బ్రష్షుతో, ఒకే ఒక్క రంగుతో నింపండి. మెత్తటి బ్రష్షు, గ్రేడియంట్ ముట్టుకోవద్దు. నారింజ కావాలంటే కొత్త రంగు తీసుకోకండి, పసుపు మీద ఎరుపు పడనివ్వండి. ముదురు కావాలంటే వాటి మీద నలుపు గీతలో, అడ్డదిడ్డంగా గీసిన హాచింగో. ఈ కట్టుబాటు పాటిస్తే చాలు, ఇంకే ఎఫెక్టూ వేయకుండానే బొమ్మ సగం పాతబడిపోతుంది.

మొహానికి మాత్రం నలుపు గ్రూపులో విడి పొర. అందులో బూడిద రంగుల్లో షేడింగు వేసి, దానికే హాఫ్‌టోన్ ఫిల్టర్ మాస్క్ తగిలించండి. మోడ్ ఇంటెన్సిటీ, జెనరేటర్ స్క్రీన్‌టోన్, గుండ్రటి చుక్కలు, అంగుళానికి 65, కోణం 45. హార్డ్‌నెస్ 80 దగ్గర ఉంచండి, వంద పెడితే మెట్లు మెట్లుగా వస్తుంది. గీతలు, అక్షరాలు ఈ మాస్కు కిందికి రాకూడదు.

మాస్కు వేసే ముందు షేడింగుని కాస్త లేతగా ఉంచండి. న్యూస్‌ప్రింటు మీద చుక్క పాకుతుంది. ప్లేటులో 50 శాతం ఉన్నది కాగితం మీద 70 దాటి కనిపిస్తుంది. 5 శాతం కంటే లేతవి అచ్చులో నిలవవు, 90 కంటే ముదురువి పూడిపోతాయి. కాబట్టి ముక్కు మీద మెరుపు తెల్లగా వదిలేయండి, జుట్టు నిండు నలుపు చేసేయండి. పాత మొహాలు అంత గట్టి కాంట్రాస్టులో ఉండటానికి కారణం ఇదే. పైగా ఫొటో మీద బ్రష్షుతో టచప్ కూడా చేసేవారు, కళ్లు, కనుబొమలు మళ్లీ గీసేవారు. మీరూ గీయండి.

ఇక రంగు జరగడం. 600 డిపిఐలో 0.1 మిల్లీమీటరు అంటే దాదాపు 2.4 పిక్సెళ్లు. ఎర్ర గ్రూపు మొత్తాన్ని ఒకే దిక్కుకి 4 నుంచి 7 పిక్సెళ్లు జరపండి, 0.1 డిగ్రీ తిప్పండి. నలుపుని కదపొద్దు. చొక్కా ఒక దిక్కుకి, చీర ఇంకో దిక్కుకి జరిపితే దొరికిపోతారు. ప్లేటు జరిగితే ప్లేటంతా జరుగుతుంది. ఇంకో కిటుకు: మీ నల్ల గీత 0.8 మిల్లీమీటర్ల మందం ఉంటే 0.3 జరుపు దాని కిందే దాక్కుంటుంది. జరిగినట్టు కనబడాలంటే గీత సన్నగా ఉండాలి, లేదా రెండు రంగులు నల్ల గీత లేకుండా కలిసే చోటు ఒకటి ఉండాలి.

నిండు రంగుల్లో పొక్కులు కావాలంటే మీ దగ్గరున్న పుస్తకంలోనే ఖాళీ మార్జిన్ 600లో స్కాన్ చేసి, బూడిద రంగుకి మార్చి, లెవెల్స్ బాగా బిగించి, సిరా గ్రూపుకి ట్రాన్స్‌పరెన్సీ మాస్క్‌గా వేయండి. గరుకు కాగితంలో గుంటల దగ్గర సిరా అంటదు, ఆ తెల్ల పొక్కులు అలా వస్తాయి. ఇది నిండు రంగులకే. సన్న గీతలకి వేస్తే గీత తెగినట్టుంటుంది.

నాలుగు రంగుల పత్రిక ముఖచిత్రం తీరు కావాలంటే అప్పుడు అన్ని ప్లేట్లకీ స్క్రీన్ వేయాలి. సయాన్ 15, మెజెంటా 75, పసుపు 0, నలుపు 45 డిగ్రీలు. అన్నిటికీ ఒకే కోణం పెడితే ప్లేటు కాస్త జరగ్గానే రంగు మొత్తం మారిపోతుంది. పసుపు కంటికి లేత కాబట్టి దాన్ని పక్క ప్లేటుకి 15 డిగ్రీల దూరంలో పెట్టినా చెల్లిపోతుంది. మిగతా మూటికీ మధ్య 30 ఉండాల్సిందే.

---

గీతలగోల:

చాలా థాంక్సండీ. చదును రంగులు నిండుగా పెట్టి మొహానికి మాత్రమే చుక్కలు వేసి చూశాను, వెంటనే తేడా తెలిసింది. ఒక్క ఇబ్బంది. ఏ5లో బాగున్నది ఫోన్‌లో పెట్టడానికి 1080 పిక్సెళ్లకి తగ్గిస్తే మొహం మళ్లీ గళ్లగళ్లు.

---

నాలుగుప్లేట్లు:

3496 వెడల్పుని 1080కి తెస్తే 9 పిక్సెళ్ల చుక్క మూడు కంటే తక్కువకి పడిపోతుంది. స్కానింగులో మీకొచ్చిన గొడవే ఇది. అచ్చుకి ఒక ఫైలు, ఫోనుకి ఒక ఫైలు అని విడగొట్టండి. ఫోనుదానికి 2160 వెడల్పు కాన్వాసు, చుక్క 14 పిక్సెళ్లు, చివర్లో సరిగ్గా 50 శాతానికి తగ్గింపు. చుక్క 7 పిక్సెళ్లలో నిలుస్తుంది. అచ్చులో ఉన్నదానికంటే చుక్క పెద్దదే, కానీ ఫోను మీద అంతకంటే చిన్నది పెట్టి లాభం లేదు. ఫిల్టర్ మాస్కులు విడిగా ఉంచుకుంటే స్క్రీన్ మార్చడం నిమిషం పని.

వాట్సాప్‌లో ఫొటోగా పంపితే కుదిస్తుంది, చుక్కలు మురికిగా తయారవుతాయి. డాక్యుమెంట్‌గా పంపండి.

---

కొమ్ముదీర్ఘం:

అక్షరాల గురించి ఎవరూ ముట్టుకోలేదు.

ఒత్తులు విడిపోవడం ఫాంటు తప్పు కాదు, ఫొటోషాప్ సెట్టింగు. పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో వరల్డ్ రెడీ లేఅవుట్ ఎంచుకోండి. పాత వెర్షన్లలో ప్రిఫరెన్సెస్‌లో టైప్ కింద మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్ అని ఉంటుంది, అది పెట్టి ప్రోగ్రాం మూసి తెరవాలి. ఇన్‌డిజైన్‌లో వరల్డ్ రెడీ పేరాగ్రాఫ్ కంపోజర్. గింప్‌లో, ఇంక్‌స్కేప్ అనే గీతల బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో ఏ సెట్టింగూ అక్కర్లేదు, తెలుగు నేరుగా వస్తుంది. క్రిటా వాడేవారైతే అక్షరాల పని ఇంక్‌స్కేప్‌లో చేసి తెచ్చుకోవడం నయం. అను ఫాంట్లలో కొట్టిన పాత మ్యాటరు మీకెవరైనా ఇస్తే అది యూనికోడ్ కాదు, కన్వర్టరులో వేసి మార్చాకే పనికొస్తుంది.

ఏ ఫాంటునైనా నమ్మే ముందు ఈ మాటలు కొట్టి చూడండి: రాష్ట్రం, జ్యోత్స్న, లక్ష్మి, స్త్రీ, మత్స్యం, సంస్కృతి, జ్ఞానం. వీటిలో ఒక్కటి తడబడినా ఆ ఫాంటు మాటల బుడగలకి పనికిరాదు, ఏదో ఒక రోజు ముంచుతుంది. ఇంగ్లీషు మాటల్లో పొల్లు తర్వాత హల్లు వస్తే రెండూ కలిసి ఒత్తు అవుతుంది, "ఫేస్బుక్" అన్నట్టు. మధ్యలో జీరో విడ్త్ నాన్ జాయినర్ పెడితే "ఫేస్‌బుక్" అని విడిగా నిలుస్తుంది.

గూగుల్ ఫాంట్స్‌లో తెలుగువి చాలానే ఉన్నాయి, ఓపెన్ ఫాంట్ లైసెన్సు, అమ్ముకునే పనికి కూడా వాడుకోవచ్చు. బుడగల్లో మాటలకి మండలి చదవడానికి హాయిగా ఉంటుంది. శీర్షికకి రామభద్ర, రవిప్రకాశ్. చేత్తో రాసినట్టు కావాలంటే లక్కిరెడ్డి ప్రయత్నించండి. అయితే పాటల పుస్తకం టైటిలుకి ఏ ఫాంటూ ఆనదు. ఆ టైటిళ్లలో ఒకే అక్షరం రెండుసార్లు వస్తే రెండూ ఒకేలా ఉండవు. ఒకదాని తలకట్టు పక్కక్షరం మీదికి సాగుతుంది, చివరి అక్షరం కొమ్ము కింద నుంచి తిరిగి టైటిలంతటికీ అడ్డగీత అవుతుంది. ఫాంటు అలా చేయలేదు. చేత్తో రాయండి.

కొలతలు: ఆఖరి సైజుకి మూడు రెట్లు పెద్దగా, చదును కుంచెతో నల్ల ఇండియన్ ఇంకు. 600 డిపిఐ గ్రేస్కేల్ స్కాన్. ఇంక్‌స్కేప్‌లో పాత్, ట్రేస్ బిట్‌మ్యాప్, బ్రైట్‌నెస్ కటాఫ్ 0.45తో మొదలుపెట్టండి. స్పెకిల్స్ ఎక్కువ పెడితే సన్న పొక్కులతో పాటు చిన్న ఒత్తులు, "ఘ", "ఝ" లోపలి ఖాళీలు ఎగిరిపోతాయి, కాబట్టి 5 దాటొద్దు. స్మూత్ కార్నర్స్ తగ్గిస్తే కుంచె మొన తేలిన చోటు పదును నిలుస్తుంది, 0.6 దగ్గర చూడండి.

బుడగల్లో వరసల మధ్య ఎడం ఇంగ్లీషుకి సరిపోయినంత తెలుగుకి చాలదు. పైన గుడి, కింద ఒత్తు. అక్షరం సైజుకి 1.4 నుంచి 1.5 రెట్లు ఉంచండి. అప్పటికీ పై వరస "ష్ట్ర" కింది వరస "కీ" నెత్తిన కూర్చుంటే, ఎడం పెంచకండి, మాట విరిచే చోటు మార్చండి. మన మాటలు పొడుగు, కాబట్టి నిలువు బుడగ కంటే అడ్డం బుడగ నయం. అంచుకీ అక్షరానికీ మధ్య ఒక "క" ఎత్తు ఖాళీ. 1080 వెడల్పు బొమ్మలో "క" 28 పిక్సెళ్లకంటే తగ్గితే ఫోను మీద ఒత్తులు చదవలేరు.

ప్రెస్సుకి పంపేటప్పుడు ఆబ్జెక్ట్ టు పాత్ చేసి పంపండి. అవతలి కంప్యూటర్లో మీ ఫాంటు ఉండదు, ఉన్నా ఒత్తుల సెట్టింగు ఉండదు.

---

పాతకాగితం:

హక్కుల విషయం. మన కాపీరైటు చట్టం 1957 ప్రకారం బొమ్మలకి ఆర్టిస్టు చనిపోయిన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు. పేరు లేకుండా అచ్చయినవాటికి, వేసిందెవరో ఆలోగా బయటపడకపోతే, ప్రచురణ మరుసటి ఏడాది నుంచి 60. అంటే వడ్డాది పాపయ్య గారి ముఖచిత్రాలు (ఆయన పోయింది 1992లో) 2052 చివరి దాకా, బాపు గారి బొమ్మలు (2014) 2074 చివరి దాకా రక్షణలోనే ఉంటాయి. "పాతది కదా" అని స్కాన్లు కట్టగట్టి పెట్టేయడం కుదరదు. ఇక్కడే అచ్చుపెట్టె గారి వెల కిటుకు పనికొస్తుంది. ఆర్టిస్టు పేరు లేకుండా, వెల అణాల్లో ఉన్న పాటల పుస్తకం అట్ట గడువు ఎప్పుడో దాటిపోయింది. లోపలి పాటలకి రచయిత పేరుంటుంది, వాటి లెక్క వేరు.

అచ్చు తీరుకి, రెండు రంగుల పద్ధతికి, అక్షరాల విరుపుకి కాపీరైటు లేదు. ఒకరి బొమ్మని ట్రేస్ చేస్తే ఉంది. అగ్గిపెట్టె లేబుల్ బొమ్మ గడువు తీరినా ఆ బ్రాండు ట్రేడ్‌మార్కుగా ఇంకా బతికి ఉండొచ్చు, కాబట్టి పేరు మార్చి మీ సొంత లేబుల్ వేసుకోండి. నటుల మొహాలతో కార్టూన్ వేయడం ఒకటి, అదే మొహాన్ని టీషర్టు మీద వేసి అమ్మడం ఇంకొకటి. రెండోదానికి వెళ్లే ముందు వకీలుని అడగండి.

---

అచ్చుపెట్టె:

ఒక్కటి కలుపుతాను. కాఫీ మరక, చిరిగిన మూల, మడత గీత ఉన్న టెక్స్చర్లు నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి, వాటి జోలికి పోకండి. పాటల పుస్తకం కొన్న రోజున దాని మీద మరకలు లేవు. నాలుగుప్లేట్లు గారి కాగితం రంగు కూడా నాకైతే ఇంకాస్త లేతగా ఉండాలి, 245, 238, 220 దగ్గర. పసుపెక్కడం తర్వాతి సంగతి, అచ్చు నాటిది కాదు.

---

నాలుగుప్లేట్లు:

కాగితం రంగు మీద మీతో ఒప్పుకోనండీ. 245 పెడితే పసుపు సిరాకీ కాగితానికీ తేడా ఎక్కువై పసుపు అరుస్తుంది. 238 ఉంచి పసుపుని అలాగే వదిలితే కంటికి కుదురుతుంది. గీతలగోల గారూ, రెండూ పెట్టి ఇక్కడ వేయండి, చూద్దాం. వేసేటప్పుడు పిఎన్‌జిలో, మొహం ముక్క ఒకటి 100 శాతంలో విడిగా.